డర్బన్‌లో పోలీసు చేసిన ముత్తాత జాడ ఎలా?

ప్రశ్న: మా తాతగారి నాన్న సౌతాఫ్రికాలోని నాటాల్‌లో పోలీసు చేసి తిరిగొచ్చారని ఇంట్లో చెప్పుకుంటారు. యూనిఫాంలో ఉన్న పాత ఫొటో ఒకటి ఉంది, అంతే. ఏ పోలీసో, రికార్డు ఎక్కడ వెతకాలో చెప్తారా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: ఇంట్లో చెప్పుకునే మాటని కొట్టిపారేయకండమ్మా, నాటాల్‌లోని డర్బన్‌లో ఇండియన్ కానిస్టేబుళ్లు నిజంగానే ఉండేవాళ్లు. 1897 జనవరిలో తెల్లవాళ్ల గుంపు గాంధీగారున్న ఇంటిని చుట్టుముడితే పోలీస్ సూపరింటెండెంట్ అలెగ్జాండర్ ఆయన్ని బయటికి దాటించింది ఇండియన్ కానిస్టేబుల్ వేషంలోనే, హెల్మెట్‌లా ఉండాలని నెత్తిన పళ్లెం పెట్టి దాని చుట్టూ మద్రాసీ కండువా చుట్టుకున్నానని గాంధీగారే ఆత్మకథలో రాశారు. ఆ గుంపు మధ్యలోంచే నడిచి వెళ్లారంటే ఆ డ్రెస్సు ఊళ్లో జనానికి బాగా అలవాటైందే అయ్యుండాలి కదా.

ఇక ఏ పోలీసు అన్నది. డర్బన్ టౌన్‌కి సొంతంగా బరో పోలీస్ ఉండేది, దాని కాగితాల కోసం డర్బన్ ఆర్కైవ్స్‌లో (పాత రికార్డులు దాచే ఆఫీసు) మున్సిపాలిటీ టౌన్ క్లర్క్ ఫైళ్లు చూడాలి. నాటాల్ కాలనీ మొత్తానికి ఉన్నది వేరే, 1874లో డార్ట్‌నెల్ అనే ఆఫీసరు మొదలెట్టిన మౌంటెడ్ (గుర్రపు) పోలీసే 1894లో నాటాల్ పోలీస్ అయింది, 1913లో సౌతాఫ్రికన్ పోలీస్‌లో కలిసిపోయింది, ఆ కాలనీ కాగితాలకి పీటర్‌మారిట్స్‌బర్గ్ ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. మీ ఫొటోలో బ్యాడ్జీ మీద, కాలర్ మీద అక్షరాలేమైనా కనిపిస్తాయేమో భూతద్దం పెట్టి చూడండి, ఏ ఆర్కైవ్స్‌కి రాయాలో చాలావరకు అక్కడే తేలిపోవచ్చు.

కానీ పోలీసు ఫైళ్ల మీద ఇప్పుడే పడొద్దు, ముందు ఆయన నంబర్ పట్టుకోండి. 1860 నుంచి 1911 దాకా 1,52,000 మంది కూలి ఒప్పందం మీద నాటాల్ వెళ్లారు, అందులో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే ఎక్కారు, మన గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు వీళ్లలో చాలామంది. ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చి ఓడ లిస్టులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఆఖరికి ఒంటి మీద మచ్చలు కూడా రాసుకున్నారు. ఒప్పందం అయిపోయాక కూడా ఆ నంబర్ మనిషిని వదల్లేదు, పెళ్లి రిజిస్టర్ చేసినా పిల్లలు పుట్టినా అదే వేసేవాళ్లు. అందుకే ఒకే పేరు పది మందికి ఉన్నా మీ ముత్తాతెవరో తేల్చేది అదే. ఈ లిస్టులు క్వాజులు-నాటాల్ యూనివర్సిటీ గాంధీ-లుతులి సెంటర్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు.

వెతికేటప్పుడు పేరు ఒక్కటే నమ్ముకోవద్దు, గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసేశారు, అప్పలస్వామి ఎన్ని రకాలుగా మారిపోయుంటాడో, కాబట్టి ఊరు, తండ్రి పేరు కలిపి చూడండి, అనకాపల్లి అప్పట్లో విశాఖపట్నం జిల్లాలోదే. సొంత టికెట్ కొనుక్కుని వెళ్లుంటే మాత్రం ఈ లిస్టుల్లో ఉండరు.

నంబర్ దొరికాక సౌతాఫ్రికా నేషనల్ ఆర్కైవ్స్ ఆన్‌లైన్ ఇండెక్స్‌లో పేరుతోనూ, నంబర్‌తోనూ విడివిడిగా వెతకండి. అక్కడ ఫైల్ టైటిలూ సంవత్సరమూ మాత్రమే వస్తాయి, లోపలి కాగితం కాపీ కావాలంటే ఆ ఆర్కైవ్స్‌కే రాసి అడగాలి. ఇంకొకటి, చెరుకు ఎస్టేట్‌లో సర్దారుగానో (కూలీల మేస్త్రి) వాచ్‌మన్‌గానో చేసిన మనిషిని కూడా ఇంటికొచ్చాక పోలీసు అనేసి ఉండొచ్చు, పోలీసు ఫైళ్లలో ఏమీ దొరక్కపోతే ఎస్టేట్ యజమాని పేరుతో కూడా చూడండి.