మొదటి ఆస్తి కొనే ముందు నేనైతే ఏం చూస్తానంటే

మీకు ఉద్యోగం ఉంది, కొంత పొదుపు చేశారు, రియల్ ఎస్టేట్‌లో ఓనమాలు కూడా తెలియవు, లోన్ తీసుకుని ఫ్లాట్ కొనాలా, స్థలం కొనాలా, ముందు ఏదైనా కోర్సు చేయాలా అని అడిగారు. నాకు అద్దెకిచ్చిన ఇళ్లు రెండున్నాయి, కాబట్టి నేను చెప్పగలిగేది అద్దె ఆస్తుల గురించే. పాతిల్లు కొని బాగుచేసి అమ్మడం లాంటివి నేనెప్పుడూ చేయలేదు, వాటి జోలికి వెళ్లను.

ఏదైనా చూడటానికి వెళ్లే ముందే కాగితం మీద ఒక లెక్క వేయండి. ఇల్లు ధర వంద అనుకుందాం, ఏడాదికి వచ్చే అద్దె ఆరు. బ్రోకర్ చెప్పే 'ఆరు శాతం రాబడి' ఇదే. కానీ ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు దిగేలోపు ఒక నెల అద్దె పోతుందనుకోండి, అక్కడ అర పోయింది. పన్ను, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్, మోటారు రిపేరు, రంగులు అన్నీ కలిపి ఇంకో ఒకటిన్నర. చేతికి మిగిలేది నాలుగు. ఇప్పుడు 20 మీరు పెట్టుకుని, 80కి 8 శాతం వడ్డీతో 20 ఏళ్ల లోన్ తీసుకున్నారనుకోండి. ఏడాదికి కట్టాల్సిన ఈఎంఐలు సుమారు 8. అద్దెలోంచి నాలుగు కడితే, మిగతా నాలుగు మీ జీతంలోంచి కట్టాలి. అంటే ఐదేళ్లలో మీరు మొదట పెట్టిన డౌన్ పేమెంట్ అంత డబ్బు మళ్లీ పోస్తారన్నమాట. ఈ మాట ఎవరూ ముందు చెప్పరు.

పోనీ అసలైనా తీరుతుంది కదా అంటారు. తీరుతుంది, నెమ్మదిగా. ఈ లోన్‌లో మొదటి నెల ఈఎంఐలో దాదాపు 80 శాతం వడ్డీకే పోతుంది. అసలులో సగం తీరడానికి పదమూడున్నర ఏళ్లు పడుతుంది. మొత్తమ్మీద తీసుకున్నదానికి రెట్టింపు కడతారు. ఇంకోటి, మీ సొంత డబ్బు 20 మాత్రమే ఉన్నప్పుడు ధర 10 శాతం పడితే పోయేది మీ పెట్టుబడిలో సగం. ధర పెరిగినా అంతే జోరుగా లాభం కనిపిస్తుంది, అందరూ చెప్పుకునేది ఆ సగమే.

నాలుగు శాతం సంపాదించి పెట్టే దాని కోసం ఎనిమిది శాతం వడ్డీకి అప్పు తెచ్చామంటే ధర పెరుగుతుందన్న నమ్మకం మీదే కొంటున్నట్టు. అది తప్పని నేను అనను, కాకపోతే తెలిసి చేయాలి. నాకు ఆ టెన్షన్ సరిపడదు. అందుకే మొదటిది కొన్నప్పుడు పేరున్న ఏరియా వదిలేసి, ధరకు తగ్గ అద్దె వచ్చే చిన్న పాత ఇల్లు చూసుకున్నాను. చూసినవాళ్లందరూ పెదవి విరిచారు. లోన్ తక్కువ తీసుకున్నాను కాబట్టి ఈఎంఐ అద్దెలోనే సర్దుకుపోయింది. కొన్నాక కూడా ఆరు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచాను. ఆ డబ్బు లేకపోతే మొదటి లీకేజీకే క్రెడిట్ కార్డు తీయాల్సి వస్తుంది.

లీకేజీ అంటే గుర్తొచ్చింది. ఆ ఇల్లు కొనకముందు ఇంకో ఫ్లాట్ చాలా నచ్చింది. బెడ్రూంలో మూడు గోడలు పాత రంగు, బాత్రూంని ఆనుకున్న గోడ ఒక్కటే తాజా రంగు. చెయ్యి పెడితే చల్లగా తగిలింది, అడుగున స్కర్టింగ్ దగ్గర గోరుతో గీకితే సున్నం పొడిపొడిగా రాలింది. కింది ఫ్లాట్ వాళ్ల తలుపు కొట్టి అడిగాను. ఆమె నన్ను లోపలికి తీసుకెళ్లి వాళ్ల సీలింగ్ మీద పసుపు మరక చూపించి, "పై ఓనరు గారు ఎన్నిసార్లు చెప్పినా వినరండీ" అన్నారు. ఆ బేరం అక్కడితో వదిలేశాను. మీరు కూడా ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, కుదిరితే వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి. కింద, పక్కన ఉండేవాళ్లతో తప్పకుండా మాట్లాడండి, బ్రోకర్ లేనప్పుడు.

కాగితాల విషయంలో ఒక్కటే గట్టిగా చెప్తాను. రిజిస్ట్రేషన్ అయిందంటే అమ్మినవాడికి హక్కు ఉన్నట్టే అనుకోకండి. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ మొదలుపెట్టిన పద్ధతిలో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లదే ఆస్తి అని ప్రభుత్వమే పూచీ పడుతుంది. అది చాలా దేశాలకు పాకింది, కానీ అన్నిచోట్లా లేదు. చాలాచోట్ల రిజిస్టర్ అయ్యేది దస్తావేజు మాత్రమే, టైటిల్, అంటే ఆస్తి మీద హక్కు, సరిగ్గా ఉందా లేదా చూసుకోవాల్సింది కొనేవాడే. కాబట్టి లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పాత దస్తావేజులు), తాకట్లు, వారసుల సంతకాలు చూడటానికి మీ సొంత లాయర్‌ని పెట్టుకోండి, బ్రోకర్ చూపించిన లాయర్‌ని కాదు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు, టైటిల్‌లో తేడా వస్తే డబ్బు తిరిగివ్వాలని అగ్రిమెంట్‌లో రాయించండి.

ఖాళీ స్థలం సంగతి అంటారా, అద్దె రాదు, కబ్జా భయం ఉంటుంది, ఈఎంఐ మొత్తం జీతంలోంచే పోవాలి. మొదటి కొనుగోలుగా నేను చెప్పను. డబ్బు ఇంకా సరిపోకపోతే రీట్‌లు (REIT, చాలామంది డబ్బుతో అద్దె భవనాలు కొని, వచ్చిన అద్దెను పంచే ట్రస్టులు) ఉన్నాయి, షేర్లలాగే కొద్ది మొత్తంతో కొనొచ్చు, కావాలంటే అమ్మేయొచ్చు. కాకపోతే వాటి ధర రోజూ ఊగుతుంటుంది.

కోర్సుకి డబ్బు తగలేయకండి. ఆ డబ్బు లాయర్‌కీ, ఇంటిని పరీక్షించే ఇంజనీర్‌కీ ఇవ్వండి. ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలని కూడా రాశారు. కనీసం మొదటి లోన్ చేతికొచ్చేదాకా ఆ మాట పక్కన పెట్టండి, బ్యాంకు ముందు అడిగేది పే స్లిప్‌లే.