ఓనరు "నాకేం తెలీదు" అంటే ఆ భారం ఎవరి మీద పడుతుంది?

టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్న ఒక సోదరి రాశారు. భర్తకు గ్రీన్ కార్డు ఉంది, గ్యాస్ స్టేషన్ స్టోరులో రాత్రి షిఫ్టు చేస్తారు. దగ్గర్లోని ఇంకో స్టోరులో దోపిడీ జరిగినప్పటి నుంచి చొక్కా కింద పిస్టల్ పెట్టుకుని డ్యూటీకి వెళ్తున్నారు. ఓనరు మన తెలుగువాడే, "పెట్టుకో, కానీ నేను ఒప్పుకున్నానని ఎక్కడా అనకు" అన్నాడట. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది, ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న మరిది ఉన్నాడు. అతనికి కూడా పిస్టల్ నేర్పిస్తానని భర్త అంటున్నారు. వద్దంటే "పిరికిదానివి" అంటున్నారట. ఊళ్లో అత్తగారికి చెప్పమంటారా అని అడిగారు.

అమ్మా, అన్నిటికంటే ముందు మీ మరిది సంగతి చూడండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప వేరే దారి లేదు. 2022లో ఈ నేరానికి గరిష్ఠ శిక్షను 15 ఏళ్లకు పెంచారు. చేత్తో పట్టుకోకపోయినా, తీసుకోగలిగేంత అందుబాటులో ఉంటే చాలు, అతని దగ్గర ఉన్నట్టే లెక్కగట్టవచ్చు. వీసా సంగతి తెలిసీ తుపాకీ అతని చేతికిచ్చినవాళ్లకూ కేసు చుట్టుకుంటుంది, తుపాకీ నేరాల మీద గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా వెనక్కి పంపగలరు. తమ్ముడికి ధైర్యం నేర్పుతున్నాననుకుంటూ మీ ఆయన ఇద్దరి బతుకులనూ పణం పెడుతున్నారు. ఈ మాట ఈ రోజే చెప్పండి, రేపటిదాకా ఆగకండి.

ఇక స్టోరు విషయం. మీ ఆయన "ఇక్కడ లైసెన్సు కూడా అక్కర్లేదు" అంటున్నారని రాశారు. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగినవాళ్లు చాలా చోట్ల లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు, నిజమే. అయితే తన స్టోరులో ఉద్యోగులు తుపాకీ పెట్టుకోకూడదనే హక్కు ఓనరుకు ఉంది. చట్టప్రకారం ఉంచుకున్న తుపాకీని ఉద్యోగి తన కారులో, పార్కింగ్ స్థలంలో తాళం వేసి పెట్టుకుంటే మాత్రం మామూలుగా కాదనలేడు, దానికి 2011 నుంచి వేరే చట్టం ఉంది.

నాకు కోపం తెప్పించింది ఓనరు మాట. అందులో ఎంత లెక్క ఉందో చూడండి. దొంగ పారిపోతే లాభం అతనిది. గురి తప్పి ఏ కస్టమరుకో తగిలితే, ఉద్యోగంలో భాగంగా జరిగిందనీ, ట్రైనింగ్ ఇవ్వకుండా తుపాకీతో నిలబెట్టారనీ ఓనరు మీద కూడా దావా వేస్తారు. అప్పుడతను చెప్పబోయేది ఒక్కటే, "నేను ఒప్పుకోలేదు, అతనే సొంతంగా తెచ్చుకున్నాడు" అని. నోటిమాటకు సాక్ష్యం ఎక్కడుంది? పైగా తుపాకీతో జరిగిన నష్టాన్ని మినహాయించే ఇన్సూరెన్స్ పాలసీలు ఉంటాయి. అదీగాక టెక్సాస్‌లో ప్రైవేటు యజమాని ఉద్యోగుల ప్రమాద బీమా తీసుకుని తీరాలన్న నిర్బంధం లేదు, కాబట్టి పొరపాటున మీ ఆయన కాలికే తగిలినా ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారో ముందే తెలుసుకోవాలి. తుపాకీకి ఒప్పుకుంటున్నారా లేదా, పాలసీలో ఏముంది, ఈ రెండింటికీ కాగితం మీద జవాబు అడగమనండి. ఓనరు రాసివ్వనంటే అదే జవాబు. ఆ రోజు నుంచి పిస్టల్ స్టోరులోకి వెళ్లకూడదు. ఒకసారి అక్కడి లాయరుకు చూపించుకోండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

కానీ ఇదంతా చట్టం పుస్తకంలా చదివి వినిపిస్తే ఆయన వినరమ్మా. ఆయనకు భయంగా ఉంది, దాన్ని భయం అనలేక పిస్టల్ కొన్నారు. అర్ధరాత్రి ఒంటరిగా గల్లాపెట్టె దగ్గర నిలబడే మనిషికి భయం వేయడంలో తప్పేముంది? "మీకు ఏమవుతుందోనని నాకు నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెట్టండి, "మీరు తప్పు చేస్తున్నారు" అని కాదు. ఆ తర్వాత ఓనరును ఏమేం అడగాలో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. రాత్రి ఇద్దరు ఉండాలి, గల్లాలో తక్కువ డబ్బే ఉంచి మిగతాది సిబ్బంది తెరవలేని సేఫ్‌లో వేయాలి, అద్దాలకు అంటించిన పోస్టర్లు తీసేసి లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేలా చేయాలి, లైట్లు, కెమెరాలు పనిచేయాలి. రాత్రిపూట నడిచే దుకాణాలకు అమెరికా కార్మిక భద్రతా విభాగం ఓషా కూడా ఇలాంటివే చెబుతుంది. ఇవేవీ చేయని చోట ఉద్యోగం మానేయడం ఓటమి కాదు. రెండు నెలలు ఇబ్బంది పడతారు, పడండి.

ఇంట్లో పిస్టల్‌ను తూటాలు తీసి, తాళం వేసిన పెట్టెలో పెట్టించండి. తాళం ఆయన దగ్గరే ఉండాలి, మరిదికి దొరకకూడదు. తూటాలున్న పిస్టల్‌ను అజాగ్రత్తగా వదిలేసి, అది పాప చేతికి చిక్కితే టెక్సాస్‌లో అది కూడా నేరమే.

అత్తగారికి ఇప్పుడే చెప్పకండి. అంత దూరంలో ఉన్న తల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆయన తలవంచుకుని సరేనంటారు, ఆ మర్నాటి నుంచి మీకు కూడా చెప్పకుండా పెట్టుకెళ్తారు. మరిదితో మాత్రం మీరే మాట్లాడండి, వదినగా ఆ చనువు మీకుంది. విన్నాక కూడా అన్నయ్యను కాదనలేకపోతే, వేరే గది దొరికేదాకా స్నేహితుల దగ్గర ఉండమనండి.