తలకి వేరే మాట, మనకి లేదా?

ప్రశ్న: సార్, మా మేనల్లుడు కాలిఫోర్నియాలో ఉంటాడు. మొన్న ఫోన్లో మాట్లాడతా, ఇక్కడ కరూక్ అని ఒక ఆదివాసీ భాష ఉంది అత్తా, అందులో తల మీద పెట్టుకోడానికే సెపరేట్‌గా ఒక క్రియ ఉంది, మనకట్టాంటిది లేదు అన్నాడు. నిజంగా లేదా? వాళ్ల ఆడవాళ్ల టోపీ అని ఒక ఫొటో కూడా పంపించాడు, బోర్లించిన బుట్ట మాదిరి ఉండాది. అది పెట్టుకుని ఏం చేస్తారు?
- ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లేకపోవడమేందమ్మా, పూలు తురుముకోవడం అంటామే, అది తలకి తప్ప ఇంక దేనికన్నా వాడతామా? (కొబ్బరి తురమడం వేరే సంగతి.) పాగా చుట్టుకుంటాం, ముసుగేసుకుంటాం, చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, పంచె తొడుక్కున్నా అని కందుకూరు సెంటర్లో నిలబడి అనమనండి, ఎట్టా నవ్వుతారో. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకే మాటతో సరిపెట్టేస్తారు కాబట్టి ఇట్టాంటివి వాళ్లకి వింత, మనకేం వింత కాదు. ఒక భాషలో ఫలానా మాట ఉందంట, అందుకే ఆ జనం ఆలోచనే వేరంట అని వాట్సాప్‌లో తిరిగేవి నేనైతే పెద్దగా నమ్మను.

కరూక్ క్రియల్లో అసలు గమ్మత్తు ఇంకోచోట ఉంది. ఈ జనం ఉండేది కాలిఫోర్నియా వాయవ్య మూల, క్లామత్ నది ఒడ్డున, హ్యాపీ క్యాంప్, ఆర్లీన్స్ అనే ఊళ్ల వైపు. కరూక్ అంటేనే ఎగువ అని అర్థం, వాళ్లకి కింద నది ఒడ్డునే ఉండే యురోక్ వాళ్ల పేరు కూడా కరూక్ భాషలో దిగువ అనే మాట నుంచే వచ్చింది. వాళ్లకి దిక్కులంటే తూర్పు పడమరలు కాదు, ఏటికి ఎగువ, ఏటికి దిగువ, కొండ మీదకి, ఏటి వైపుకి, అంతే. మనం పెన్న గట్టున నిలబడి సోమశిల వైపు, సముద్రం వైపు అనుకున్నట్టు. ఈ దిక్కులన్నీ క్రియకే తోకలాగా అతుక్కుంటాయి, దిక్కులే కాదు, ఎందులోకి అనేది కూడా. పాథ్ అంటే విసరడం, పాథ్‌కిరిహ్ అంటే నిప్పులోకి విసరడం, పాథ్‌కురిహ్ అంటే నీళ్లలోకి. కి, కు, ఆ ఒక్క గుణింతం తేడాలో వస్తువు కాలిపోద్దో తడిసిపోద్దో తేలిపోద్ది! నోట్లోకి అయితే మళ్లీ ఇంకో తోక ఉంది.

ఇంక టోపీ. అది నిజంగా బుట్ట అల్లికే, మీరు సరిగ్గానే పోల్చారు. హేజెల్ అనే పొద పుల్లలు నిలువుకి, చెట్ల వేర్లు చీల్చి అడ్డానికి, పైన డిజైన్‌కి తెల్లగా ఉండే బేర్ గ్రాస్, నల్లగా ఉండే ఒక రకం ఫెర్న్ కాడలు. ఇప్పుడు వేడుకల్లో ఎక్కువ కనపడుద్ది గానీ ఒకప్పుడు అది పనిలో వాడుకునేది, వీపు మీద పెద్ద గంప మోసేటప్పుడు దాని పట్టీ నుదుటికి తగిలిస్తారు, అది ఒరుసుకోకుండా ఈ టోపీ అడ్డం. మన ఆడవాళ్లు బిందె కింద చుట్టకుదురు పెట్టుకున్నట్టే.

అయితే ఆ పుల్లలు ఊరికే దొరకవు. హేజెల్ పొదని కాలిస్తేనే మళ్లీ నిటారుగా, వంకర లేకుండా కొత్త పుల్లలు వస్తాయి, ముదురు పొద పుల్ల అల్లికకి పనికిరాదు, బేర్ గ్రాస్ కూడా కాలిన చోట వచ్చిందే మెత్తగా వంగుద్ది. అందుకని వాళ్లు అడవిని కొంచెం కొంచెం పద్ధతిగా కాల్చుకునేవాళ్లు. ప్రభుత్వం వచ్చి అడవికి నిప్పు పెడితే నేరం అన్నది, దశాబ్దాల పాటు ఆపేసింది, దాంతో బుట్టలల్లే వాళ్లకి పుల్లలు కరువైపోయాయి, ఎండుకంప పేరుకుని అడవిలో పెద్ద మంటలూ ఎక్కువయ్యాయి. ఇప్పుడు మళ్లీ ఆ పాత పద్ధతిలో కాల్చడం మొదలుపెట్టారు, నాకైతే ఇది చాన్నాళ్ల క్రితమే జరగాల్సింది అనిపిస్తది.

టోపీని వాళ్ల భాషలో అప్‌ఖాన్ అంటారు. 1850 ప్రాంతంలో బంగారం కోసం తెల్లవాళ్లు ఎగబడి వచ్చినప్పుడు వాళ్లకి పెట్టిన పేరు కూడా అందులోంచే వచ్చింది, వెడల్పు టోపీల వాళ్లు అని. వచ్చినోళ్లు చేసిన దౌర్జన్యాలకి అది చాలా మర్యాదైన పేరే.

ఈ భాషకి వ్యాకరణం రాసినాయన విలియం బ్రైట్. ఊరికే మాటలు అడగతా తిరిగేవాడని కరూక్ పెద్దలు ఆయనకి మాటలడిగే చిన్నోడు అని వాళ్ల భాషలోనే పేరు పెట్టారు. ఆ పుస్తకం 1957లో కాలిఫోర్నియా యూనివర్సిటీ భాషాశాస్త్ర సిరీస్‌లో 13వదిగా వచ్చింది, తర్వాత ఆయన మన వైపుకొచ్చి వాడుక కన్నడం మీద కూడా పుస్తకం రాశాడు. సుసాన్ గేర్‌తో కలిసి చేసిన కరూక్ డిక్షనరీ 2005లో వచ్చింది, మీకు కావల్సిన క్రియలన్నీ అందులో వెతుక్కోవచ్చు. అన్నట్టు అదే సిరీస్‌లో 24వ పుస్తకం తెలుగు క్రియల ధాతువుల మీద, 1961లో వచ్చింది, రాసింది మన ఒంగోల్లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు.