లీగు లేని ఆట సంగతి కూడా అడగండి

"ఐపీఎల్‌లో కోట్లు తీసుకునేవాడు దేశం తరఫున ఆడి తీరాలా?" అని అడిగారు. ఆడాలి. కాకపోతే మన ఉత్తరాంధ్ర వైపు ఆట అంటే క్రికెట్ ఒక్కటే కాదు, ఇనుము కూడా, అంటే వెయిట్‌లిఫ్టింగ్. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో బార్ పట్టే గుంటలకి లీగూ లేదు, వేలంపాటా లేదు. జిల్లా, రాష్ట్రం, నేషనల్స్, ఆపైన ఇండియా జెర్సీ. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అడిగే సర్టిఫికెట్లూ అక్కడివే.

అసలు లెక్క తేలేదీ దేశానికి ఆడేచోటే. 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కేజీల విభాగం. ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130 కేజీలు ఎత్తింది, మొత్తం 240. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించారు, లేవలేదు, కాంస్యమే దక్కింది. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి! ఒంటి బరువు తక్కువని చైనా అమ్మాయికి స్వర్ణం. అప్పట్లో బరువు రెండున్నర చొప్పునే పెంచాలి. 132.5 అడిగి ఎత్తితే మొత్తం సమానమయ్యేది. ప్రతి ప్రయత్నానికీ బరువు రెండుసార్లు మార్చుకోవచ్చు, అదీ ఆ ప్రయత్నానికిచ్చిన సమయంలో చివరి 30 సెకన్లు మొదలవకముందే. ఎప్పుడు ఎంత బరువు అడగాలన్న ఈ తూకం జిల్లా పోటీల్లో ఎన్నేళ్ళు తిరిగినా ఒంటబట్టదు.

ఇందులో ఖర్చూ ఉంది. డోపింగ్ పరీక్షల జాబితాలోకి ఎక్కితే రోజూ ఒక గంట ఎక్కడుంటామో ముందే రాసివ్వాలి. సిరిమాను పండక్కి విజయనగరంలో చుట్టాలింటికెళ్ళినా ఆ అడ్రసు ఎక్కించాల్సిందే. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే రెండేళ్ళ వరకూ నిషేధం. ఆ పరీక్షలూ ఊరికే పోవు లెండి. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి దొరికిపోయాకే కొండవెలగాడ సంతోషి కాంస్యం రజతమైంది.

ఇక లీగుల వాళ్ళు గాయాల భయం అంటారు. ఫుట్‌బాల్‌లో దానికి మందు ఉంది. దేశానికి ఆడుతూ గాయపడి 28 రోజులు దాటితే, ఆటగాడి జీతం ఫిఫా క్లబ్బుకి కట్టిస్తుంది, రోజుకి 20,548 యూరోల వరకూ. మోకాలు పోయిన మన లిఫ్టర్‌కి ఆ 29వ రోజు నుంచి డబ్బు ఎవరిస్తారో సెలక్షన్ లెటర్‌లోనే రాసివ్వమనండి. క్రికెటర్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.