పాలకొండ అమ్మకం ఏ జిల్లా లెక్కలో?

ప్రశ్న: రాయగడలో ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తాను. మా సరుకు గుణుపురం, పార్వతీపురం, పాలకొండ వైపు వెళ్తుంది. 2019 నుంచి బిల్లులన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. సావుకారు జిల్లాలవారీ రిపోర్టు అడిగినప్పుడల్లా కౌంటర్లో బిల్లింగ్ నత్తనడక అవుతోంది. టెన్షన్‌గా ఉంది. ఇంకొన్ని ఇండెక్సులు (పట్టికలో త్వరగా వెతకడానికి పెట్టే సూచికలు) వేయమంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దండి. ఇండెక్సు పెరిగినకొద్దీ బిల్లు రాసే పని బరువెక్కుతుంది. పైగా ఇన్నేళ్ల అమ్మకాలు కూడాలంటే పట్టిక దాదాపు మొత్తం చదవాల్సిందే, అక్కడ ఇండెక్సు పెద్దగా ఆదుకోదు. రిపోర్టులకు వేరే డేటాబేస్ పెట్టండి, వీలైతే వేరే మెషీన్‌లో. రాత్రి షాపు కట్టేశాక ఆ రోజు బిల్లులు అందులోకి పంపండి.

నడుమ అమ్మకాల పట్టిక, చుట్టూ తేదీ, సరుకు, సరుకు కొనే షాపు పట్టికలు. దీన్నే స్టార్ స్కీమా అంటారు. గీసే ముందు ఒకటి తేల్చుకోండి: అమ్మకాల పట్టికలో ఒక వరస అంటే మొత్తం బిల్లా, బిల్లులోని ఒక్కో సరుకా? బరంపురంలో ఒక బట్టల షాపుకు చేసినప్పుడు నేను ఇక్కడే తప్పాను. సరుకుకో వరస పెట్టి, లారీ కిరాయి మాత్రం బిల్లు మొత్తానిది ప్రతి వరసలోనూ రాశాను. పన్నెండు రకాల చీరలున్న బిల్లుకు కిరాయి పన్నెండుసార్లు కూడింది. ఆ లెక్క నమ్మి ఆ షాపు యజమాని ఒక రూటుకు లారీ మానేశారు. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. కిరాయిని సరుకులకు పంచి రాయండి, లేదా బిల్లుకో వరస చొప్పున వేరే పట్టికలో ఉంచండి.

మీకు మరో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పాలకొండ శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం విజయనగరం నుంచి అందులోకి వచ్చాయి. షాపు పట్టికలో పాత జిల్లా చెరిపి కొత్తది రాస్తే, పాలకొండ 2019 అమ్మకం కూడా మన్యం లెక్కలోకి వెళ్తుంది. అప్పట్లో అచ్చు తీసిన రిపోర్టుతో ఇక పొసగదు. అందుకే పాలకొండ షాపుకు ఆ పట్టికలో పాత జిల్లాతో ఒకటి, కొత్త జిల్లాతో ఒకటి, రెండు వరసలు పెట్టండి, ఒక్కోదానికి సొంత నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది కూడా. పక్కనే ‘ఇప్పటి జిల్లా’ అని ఇంకో గడి ఉంచితే ఏడాదికి ఏడాది పోల్చడం కుదురుతుంది.

అమ్మకాల పట్టికను నెలలవారీగా పార్టిషన్ చేయండి, అంటే నెలకో ముక్కగా విడదీయండి. సావుకారు తరచూ అడిగే జిల్లా–నెల మొత్తాలను రాత్రే కూడి మెటీరియలైజ్డ్ వ్యూలో (ముందే లెక్కకట్టి దాచిన పట్టికలాంటిది) ఉంచండి. బిల్లులు లోడ్ అయ్యాక ఎనలైజ్ (పట్టికలో డేటా ఎలా ఉందో డేటాబేస్ అంచనా వేసుకునే ఆదేశం) నడపడం మరవకండి. సావుకారుకు చూపించే ముందు ఒక నెల మొత్తాన్ని మీ జీఎస్టీ రిటర్నుతో సరిచూసుకోండి.