అక్క సంగీత్‌కి డీజే నేనే, ఏం కొనాలి?

ప్రశ్న: అన్నా, వచ్చే నెల మా పెద్దమ్మ కూతురి సంగీత్, డీజే నన్నే చెయ్యమన్నారు. మామూలు లాప్‌టాప్ ఒకటే ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఏం కొనాలి? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, ముందే డబ్బులు పెట్టకు. మిక్స్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటయ్, విండోస్‌లో మ్యాక్‌లో లినక్స్‌లో నడుస్తది, ఈ రోజే వేసుకుని మౌస్‌తోనే ఒక వారం రెండు పాటలు కలపడం చూడు. నచ్చితే అప్పుడు కంట్రోలర్, అంటే లాప్‌టాప్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌ని బటన్లు, నాబ్‌లతో నడిపే పెట్టె. పయనీర్ డీడీజే ఎఫ్ఎల్ఎక్స్4 మొదటిసారికి చాలు, యూఎస్‌బీ పవర్‌తోనే నడుస్తది, రికార్డ్‌బాక్స్, సెరాటో లైట్ అనే డీజే సాఫ్ట్‌వేర్లు రెండూ దానితో పనిచేస్తయ్. ఒక్క రాత్రికే అయితే అద్దెకి తెచ్చుకో, నేనైతే అదే చేస్తా.

కంట్రోలర్ ఎందుకంటే హెడ్‌ఫోన్ కోసం, జనానికి ఒక పాట వినిపిస్తుంటే నువ్వు చెవిలో తర్వాతది వినాలి కదా, లాప్‌టాప్‌కి ఉన్న ఒక్క హెడ్‌ఫోన్ జాక్‌తో అది సరిగ్గా కుదరదు. ఎఫ్ఎల్ఎక్స్4కి వెనక ఆర్‌సీఏ అవుట్ (ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే సౌండ్ అవుట్) ఉంటది, సౌండ్ వాళ్ళ మిక్సర్‌కి ఎక్కువగా పెద్ద (పావు అంగుళం) జాకే ఉంటది, ఆ రెంటినీ కలిపే కేబుల్ నువ్వే తీసుకెళ్ళు, నేను ఒకసారి లేకుండా పోయి అరగంట మొత్తం హాల్‌ని మౌనంగా కూర్చోబెట్టా, ఇప్పటికీ బాధే. స్పీకర్లు మాత్రం వాళ్ళవే.

పాటలన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, ఫంక్షన్ హాల్ నెట్‌ని అస్సలు నమ్మొద్దు. తీన్మార్ పాటలు వేరే ఫోల్డర్‌లో పెట్టు, బారాత్ టైంలో వెతుక్కోకుండా.