టెక్ సందేహాలు: సముద్రం దాటి వచ్చిన కత్తి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగం కత్తుల మీదే. ఆమధ్య ఆన్‌లైన్ షాపింగ్ గురించి రాస్తూ, నాకు మడత కత్తులు పోగేసే పిచ్చి ఉందని ఒక ముక్క రాశాను. అంతే, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అదే పిచ్చి ఉన్నవాళ్లంతా బయటికొచ్చారు. కత్తిపీట ముందేసుకుని కొరమీను ముక్కలు కోసేవాళ్లకు ఈ గొడవ అర్థం కాదనుకోండి. మా ఇంట్లోనూ అదే మాట: "వంకాయ కూడా తరగని కత్తికి పన్నెండు వేలా?"

"అమెరికాలో టెక్సాస్‌లో తయారు చేస్తామని చెప్పుకునే ఒక సైటులో డమాస్కస్ మడత కత్తి 140 డాలర్లకు కొన్నాను. 26 రోజులకు వచ్చింది. మడిస్తే బ్లేడు పిడికి ఒక పక్క రాసుకుంటోంది. దాని మీది అలల డిజైను గోకితే చెరిగిపోతోంది. మెయిలు పెడితే ముందు ఫొటోలు అడిగారు. తర్వాత వీడియో అడిగారు. ఇప్పుడు 'ఇరవై శాతం డబ్బు వెనక్కిస్తాం, కత్తి మీరే ఉంచుకోండి' అంటున్నారు. ఒప్పుకోమంటారా సార్?" – ఒక పాఠకుడు, నెల్లూరు

ఒప్పుకోకండి, అప్పుడే వద్దు. మీరు అన్నీ రాశారు గానీ డబ్బు ఏ దారిలో కట్టారో రాయలేదు. నాకు ముందు కావలసింది అదే. విదేశీ అమ్మకందారు పేజీలో 'జీవితకాల గ్యారంటీ' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా, మనకు పనికొచ్చే గ్యారంటీ డబ్బు వెళ్లిన దారిలోనే ఉంటుంది.

పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవతో కట్టి ఉంటే, కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ (అమ్మినవాళ్లతో తేల్చుకునే ఫిర్యాదు) తెరవచ్చు. అక్కడొక మెలిక ఉంది. తెరిచాక 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాల్‌నే తేల్చమనే ఫిర్యాదుగా మార్చాలి. మార్చకపోతే దానంతటదే మూసుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు. ఇది నాకు చదివితే తెలిసింది కాదు. మూడేళ్ల కిందట నేను తెప్పించుకున్న ఒక కత్తికి లాక్ నిలవలేదు, తెరిచి పట్టుకుంటే వేళ్ల మీదికి మడుచుకునేది. అమ్మినవాళ్లు ఎంత మర్యాదస్తులో చెప్పలేను. "మా టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు, వచ్చే వారం చూస్తాం" అని ఒక మెయిలు, "మీ ఓపికకు ధన్యవాదాలు" అని ఇంకొకటి. నా ఓపిక డిస్ప్యూట్ తెరిచాక సరిగ్గా 21వ రోజున అయిపోయింది. ఆ తర్వాత వాళ్ల దగ్గర నుంచి మెయిలే లేదు.

మీకు ముందు ఫొటోలు, తర్వాత వీడియో, ఆ తర్వాత ఇరవై శాతం అంటున్నదీ ఆ బాపతే. అందులో నిజంగా బద్ధకం ఎంతో, లెక్క ఎంతో బయటినుంచి చెప్పలేం. మన గడువు మాత్రం కరిగిపోతూ ఉంటుంది. పైగా కొంత డబ్బుకు ఒప్పుకుని డిస్ప్యూట్ మూసేస్తే మిగతాది అడిగే హక్కు పోతుంది.

క్రెడిట్ కార్డుతోనో డెబిట్ కార్డుతోనో కట్టి ఉంటే మీ బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) అడగండి. కార్డు నెట్‌వర్కులు సాధారణంగా 120 రోజుల వరకు గడువు ఇస్తాయి. బ్యాంకు లోపల పెట్టుకున్న గడువు అంతకంటే తక్కువ ఉండొచ్చు కాబట్టి ఇవాళే ఫోన్ చేయండి. "మోసం జరిగింది" అని చెప్పకండి. అలా చెబితే కార్డు బ్లాక్ చేసి, కేసును వేరే విభాగానికి పంపుతారు. "పేజీలో చెప్పిన వస్తువు వేరు, వచ్చిన వస్తువు వేరు. వెనక్కి పంపడానికి నేను సిద్ధమని అమ్మినవాళ్లకు రాశాను" అనండి. ఈ రెండో వాక్యం ముఖ్యం. ఇంకా రాసి ఉండకపోతే ముందు ఆ మెయిలు పెట్టి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయండి.

నేరుగా ఖాతాకు వైర్ ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే, లేదా క్రిప్టోలో కట్టి ఉంటే, ఆ ఇరవై శాతం తీసుకోండి. అంతకంటే ఎక్కువ వచ్చే దారి నాకు కనపడటం లేదు.

ఇక సాక్ష్యం. డమాస్కస్ అని ఇప్పుడు అమ్మేది రెండు రకాల ఉక్కును పొరలు పొరలుగా కొలిమిలో అతికి, సాగగొట్టి, చివర యాసిడ్‌లో ముంచి గీతలు తేల్చినది. యాసిడ్ ఒక రకం ఉక్కును ఎక్కువ, ఇంకో రకాన్ని తక్కువ తింటుంది కాబట్టి గీత పైన పూసింది కాదు, లోపలి దాకా ఉంటుంది. బ్లేడు వీపు వైపు, అంటే పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచు చూడండి. అసలుదైతే పక్కల మీది గీతలు వీపు మీదుగా సాగుతాయి. లేజర్‌తో గీసినదైతే పక్కల మీదే ఆగిపోతాయి, వీపు నున్నగా ఉంటుంది. వీపును మంచి వెలుతురులో దగ్గర నుంచి ఫొటో తీయండి. గోకితే చెరిగిపోవడం ఒక్కటే రుజువు కాదు, అసలు దాన్ని రుద్దినా గీత మసకబారుతుంది. కాకపోతే మళ్లీ యాసిడ్ పెడితే తేలుతుంది, లేజర్ గీత తేలదు. మీరు ఇంట్లో యాసిడ్ పెట్టకండి, వీపు ఫొటో చాలు.

(పాత కాలపు డమాస్కస్ కత్తుల ముడి ఉక్కు ఎక్కువగా మన దక్షిణ దేశం నుంచే వెళ్లేదంటారు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఆ ఉక్కుకు పేరున్న ఊరు. ఇంగ్లిష్‌వాళ్లు 'వూట్జ్' అన్నది మన 'ఉక్కు' మాటనే అంటారు. ఆ ఉక్కు పేరు చెప్పి లేజర్ గీతలు మనకే అమ్ముతున్నారు, చూడండి.)

బ్లేడు పక్కకు రాసుకోవడం మాత్రం చాలాసార్లు చిన్న విషయం. పిడి మొదట్లో ఉండే ఇరుసు స్క్రూ కొంచెం అటూ ఇటూ తిప్పితే సరిపోతుంది. దానికి కావలసిన నక్షత్రం మొన స్క్రూడ్రైవరు సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరకొచ్చు. కానీ ఇప్పుడే తిప్పకండి. స్క్రూ ముట్టుకుంటే వారంటీ పోతుందని చాలా కంపెనీలు రాసుకుంటాయి. డబ్బు విషయం తేలాక తిప్పుకోండి.

ఇంకొకటి, మీరు పంపిన ట్రాకింగ్ నంబరు చూశాను. తపాలా శాఖల అంతర్జాతీయ నంబర్లలో ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు ఉంటాయి. ఆ చివరి రెండు అక్షరాలు పార్శిల్ ఏ దేశపు తపాలాలో పడిందో చెబుతాయి. అమెరికా అయితే యూఎస్, జపాన్ అయితే జేపీ. మీది సీఎన్, అంటే చైనా. టెక్సాస్‌లో చేసి చైనాలో పోస్టు చేసే పిచ్చివాడు ఎవడూ ఉండడు. ఆ నంబరు, ఆ సైటులోని 'మా వర్క్‌షాప్' పేజీ రెండూ మీ ఫిర్యాదుకు జత చేయండి. ఆ పేజీని ఈ రాత్రే ప్రింట్‌లోకి వెళ్లి పీడీఎఫ్‌గా దాచుకోండి. ఫిర్యాదు వెళ్లిన మర్నాడు అలాంటి పేజీలు మారిపోతుంటాయి.

వెనక్కి పంపమంటే ఖర్చు ఎవరిదన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. మీరు కట్టిన కస్టమ్స్ డ్యూటీ అమ్మినవాడు ఇవ్వడు. తిరిగి ఎగుమతి చేస్తే దిగుమతి సుంకంలో 98 శాతం దాకా వెనక్కి తీసుకునే వీలు కస్టమ్స్ చట్టంలో ఉంది గానీ, ఒక్క కత్తి కోసం ఆ కాగితాల వెంట తిరగడం కంటే ఆ డబ్బు వదిలేసుకోవడమే నయం.

"ఇలాంటి వాటి మీద నెల్లూరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చా?" – ఒక పాఠకురాలు, కావలి

వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2020 ఈ-కామర్స్ నియమాలు మన దేశంలో ఆఫీసు లేకపోయినా, మనవాళ్లకు పనిగట్టుకుని అమ్మే విదేశీ సైట్లకూ వర్తిస్తాయి. చట్టంలో ఇంత ఉంది. నోటీసు అందుకునేవాడు మాత్రం ఎక్కడో ఉంటాడు. మీరు కొన్న మార్కెట్‌ప్లేస్‌కు ఇక్కడ కంపెనీ ఉంటే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, కొన్ని అక్కడే తేలిపోతాయి. చిన్న సొంత సైటు అయితే కోర్టు కంటే బ్యాంకే దగ్గర దారి.

"అన్నా, కొరియర్ వాళ్లమంటూ మెసేజ్ వచ్చింది. కత్తి కస్టమ్స్‌లో ఆగిందంట, ఆధార్ అప్‌లోడ్ చేసి 49 రూపాయలు కట్టమంటున్నారు. లింకు నొక్కాలా వద్దా? టెన్షన్‌గా ఉంది." – డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

నొక్కొద్దు తమ్ముడూ. విదేశీ పార్శిల్‌కు కేవైసీ అడగడం నిజమే, అందుకే ఈ దొంగ మెసేజ్‌లు అంత బాగా అతుకుతాయి. నీ ట్రాకింగ్ నంబరు తీసుకుని, కొరియర్ సైటు అడ్రసు నువ్వే టైపు చేసి అక్కడ చూడు. అక్కడ కూడా కేవైసీ అడిగితే అక్కడే ఇవ్వు. పోస్టులో వచ్చే వాటికి డ్యూటీ పడితే పార్శిల్ ఇచ్చేటప్పుడు తీసుకుంటారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యి.

నిజంగానే కస్టమ్స్‌లో ఆగి ఉంటే కారణం వేరే ఉండొచ్చు. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. వంటకు, వ్యవసాయానికి వాడేవి అందులో లేవు. ఆయుధం దిగుమతికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. గోడకు వేలాడదీయడానికి తెప్పించే అలంకారపు కత్తులు, బాకులు ఇక్కడే దొరికిపోతాయి. "షోపీసే సార్" అంటే అధికారి వినడు. ఇంకొకటి, నెట్‌లో చవగ్గా దొరికే డమాస్కస్ కత్తులు చాలావరకు పాకిస్థాన్‌లోని వజీరాబాద్ నుంచి వస్తాయి. 2025 మే 2 నుంచి అక్కడి సరుకు నేరుగా గానీ, దుబాయ్ లాంటి చోట్ల మీదుగా తిప్పి గానీ మన దేశంలోకి రాకూడదు. కొనేముందు ఎక్కడ తయారైందో అమ్మేవాణ్ణి మెయిల్లో అడుగు. జవాబు డొంకతిరుగుడుగా ఉంటే ఇంకో కత్తి చూసుకో.

"మావారు తెప్పించిన కత్తికి నెల తిరక్కుండానే తుప్పు చుక్కలు. కంపెనీ 'మీరు సరిగ్గా వాడలేదు' అంటోంది. అసలు వాడితే కదా! బీరువాలో తోలు ఒరలోనే ఉంది. పెట్టె మీద ఉక్కు పేరు 'డీ2' అని ఉంది." – గృహిణి, కొత్తపట్నం

పెట్టె మీద ఉక్కు పేరు 'డీ2' అని రాశారు కదమ్మా, సమాధానం అందులోనే ఉంది. డీ2లో క్రోమియం దాదాపు 12 శాతం ఉంటుంది గానీ, అందులో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. దాన్ని పూర్తి స్టెయిన్‌లెస్ అనరు. '440సీ' అనే ఉక్కులో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, సముద్రం పక్కన ఉండేవాళ్లకు అది నయం. కాబట్టి ఈసారి కంపెనీది పూర్తి తప్పు కాదు. అయితే అమ్మిన పేజీలో 'స్టెయిన్‌లెస్' అని ఉంటే మాత్రం తప్పు వాళ్లదే, ఆ పేజీ చూపించి అడగండి.

అసలు దోషి తోలు ఒర. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, పైగా పచ్చితోలును శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో ఉంటాయి. కత్తిని బయటికి తీసి, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు గుడ్డకు రాసి తుడిచి, మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు డబ్బాలో పెట్టండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు ముక్కిపోతుంది.

"బ్లేడు మీద సోలింగెన్, లగియోల్ అని ఉంటే నమ్మొచ్చా?" – ఒక పాఠకుడు, కందుకూరు

మొదటిది చాలావరకు నమ్మొచ్చు. జర్మనీలో కత్తులకు పేరున్న సోలింగెన్ ఊరి పేరుకు 1938 నుంచీ చట్ట రక్షణ ఉంది. రెండోది ఫ్రాన్సులో ఒక ఊరు. ఆ పేరు, దాని తేనెటీగ గుర్తు ఎవరు పడితే వాళ్లు వేసుకుని అమ్ముతున్నారు. ఈగను చూసి డబ్బు పెట్టకండి.

"అన్నా, నాది తిరగబడ్డ కథ. మాది ఉదయగిరి. మా ఇంట్లో చెక్క చెంచాలు, గరిటెలు చేస్తారు. నేను ఆన్‌లైన్లో విదేశాలకు అమ్ముతున్నా. కెనడా ఆమె ఒకరు గరిటె చీలిందని ఒక స్టార్ ఇచ్చింది. ఇక్కడ పదేళ్లు వాడినా చీలవు. ఏం రాయాలి?" – యువకుడు, ఉదయగిరి

ముందు ఆమె అబద్ధం చెప్పడం లేదని నమ్మండి. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను తీసుకుంటుంది, వదులుతుంది. చలికాలంలో అక్కడ ఇళ్లల్లో హీటర్లు తిరుగుతూ ఉంటాయి, గాలి బాగా పొడిగా ఉంటుంది. ఉదయగిరి గాలికి అలవాటైన చెక్క అక్కడ ముడుచుకుని చీలుతుంది. ఆమె డిష్‌వాషర్‌లో వేసి ఉంటే ఇంకా త్వరగా. మీ చెంచాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉందని రాసుకుంటున్నారు, బాగుంది. దాని కిందే "డిష్‌వాషర్‌లో వేయకండి, నెలకోసారి తినే నూనె రాయండి" అన్న రెండు ముక్కలు కూడా రాయాలి. పైన నేను కొబ్బరినూనె వద్దన్నది కత్తి ఉక్కుకు. చెక్కకైతే, పూశాక ఆరిపోయే తినే అవిసె నూనె మంచిది.

ఇక ఆమెకు ఫొటో అడగకండి, వీడియో అడగకండి. ఇరవై శాతం బేరం అసలే వద్దు. ఎందుకు చీలిందో నాలుగు వాక్యాల్లో చెప్పి, కొత్త గరిటెకు రెండు పూటలు నూనె పట్టించి ఈ సోమవారమే పోస్టు చేసి, ట్రాకింగ్ నంబరు ఆమెకు పెట్టండి. చివర ఐఎన్ అని ఉంటుంది.